కొంగల కేసులో నేను సాక్షిని

"కొంగల కోసం కోర్టుకెళ్తున్నావంట గదా?"

ఏడాదిగా మా షాపుకొచ్చే రైతులూ చుట్టాలూ అడుగుతున్న మాట ఇదే. కొందరు నిజంగా తెలుసుకుందామని అడుగుతారు. కొందరి గొంతులో 'ఇంత చిన్నదానికా' అన్న ఆశ్చర్యం ఉంటుంది. ప్రతి ఒక్కరికీ కౌంటర్ దగ్గర నిలబడి మొదటినుంచీ చెప్పడం కుదరడం లేదు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. రేపు మీకూ రోడ్డు పక్కన ఇలాంటిది కనపడితే ఏం చేయొచ్చో, ఎక్కడ ఇబ్బంది వస్తుందో ముందే తెలిసి ఉంటుంది.

నాది గుంటూరు. విత్తనాలు, పురుగుమందుల షాపు. అత్తగారి ఊరు తెనాలి దగ్గర. నిరుడు ఆషాఢంలో ఒక ఆదివారం పొద్దున్నే బండి మీద ఒక్కడినే బయల్దేరాను. కాలవలకు నీళ్ళొచ్చి దమ్ములు జోరుగా సాగుతున్నాయి. బుడంపాడు దాటిన దగ్గర్నుంచి రెండు పక్కలా ట్రాక్టర్లు, వాటి వెనకాలే తెల్లకొంగలు. చక్రం తిప్పిన మట్టిలోంచి పైకొచ్చే పురుగుల కోసం ట్రాక్టరు కదిలితే అవి కదులుతాయి, ఆగితే అవీ ఆగుతాయి. చిన్నప్పటినుంచి చూస్తున్నదే అయినా నాకు ఇప్పటికీ విసుగు పుట్టని దృశ్యం అది.

ఇంకాస్త ముందుకెళ్తే తుమ్మచెట్టు కింద ఒక మోపెడ్ ఆపి ఉంది. ఇద్దరు మనుషులు. చుట్టూ నలుగురైదుగురు కొనేవాళ్ళు. నాటుకోళ్ళు అమ్ముతున్నారనుకుని బండి స్లో చేశాను. కోళ్ళు కాదు. కొంగలు. కాళ్ళు నాలుగైదింటివి కలిపి పురికొసతో కట్టి, తలకిందులుగా హ్యాండిల్‌కు వేలాడేశారు. కొన్ని రెక్కలు కొట్టుకుంటున్నాయి, కొన్ని మానేశాయి. జత మూడొందలు అంటున్నాడు.

మోపెడ్ వెనక క్యారేజీ మీద ఒక గుడ్డికొంగ, అదే పొలాల్లో బురద రంగులో కనపడే చిన్నరకం కొంగ, విడిగా ఉంది. దాన్ని వేలాడదీయలేదు, ఒక కర్రకు కాలు కట్టి నిలబెట్టారు. అది కదలడం లేదు. జబ్బు చేసిందేమోనని దగ్గరికెళ్ళి చూశాను. దాని కళ్ళు కుట్టేసి ఉన్నాయి. పై రెప్పకూ కింది రెప్పకూ సూదితో నల్లదారం దూర్చి ముడేశారు. ముడి ఆవగింజంత ఉంది. దారం పక్కన ఎండిన చీము.

అది దీమం పిట్ట. వేటగాళ్ళు వాడే మాట ఇదే. తోటి పిట్టల్ని రప్పించడానికి ఎరగా పెట్టే పిట్ట. దాన్ని దమ్ము చేసిన మడిలో కర్రకు కట్టి నిలబెడతారు, పక్కన వల పరుస్తారు. దూరంగా కూర్చుని దారం లాగితే అది రెక్కలు విదిలిస్తుంది. పైన ఎగిరే కొంగలు తమలాంటిదే ఒకటి దిగి మేస్తోందని నమ్మి దిగుతాయి. కళ్ళుంటే మనిషిని చూసి బెదిరి మిగతావాటికి అనుమానం రానిస్తుందని కళ్ళు కుట్టేస్తారు. మామూలుగా ఈ జాతిని గుడ్డికొంగ అనడం మనిషి దగ్గరికి వచ్చేదాకా కదలదని. వీళ్ళు నిజంగానే గుడ్డిదాన్ని చేశారు.

నాకు మొదట తట్టింది అన్నీ కొనేసి వదిలేద్దామని. జేబులో డబ్బులున్నాయి. గుళ్ళ దగ్గర పంజరంలో పిట్టలు కొని ఎగరేస్తే పుణ్యమని మా అమ్మ కూడా చేసేది. కానీ ముందు నా స్నేహితుడొకడికి ఫోన్ చేశాను. కాలేజీలో లెక్చరర్. ఆదివారాలు కెమెరా పట్టుకుని చెరువుల వెంట తిరుగుతాడు.

"ఎట్టి పరిస్థితుల్లో కొనొద్దు," అన్నాడు. "నువ్వు ఇరవై కొంటే వచ్చే ఆదివారం నలభై పట్టుకొస్తారు. పైగా కొనడం కూడా నేరమే. దూరంగా నిలబడి ఫొటోలు తీయి, బండి నంబరు కనపడేట్టు. గొడవ పడొద్దు. ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్ నంబర్ పంపిస్తా."

నంబర్ వచ్చేలోపు, అక్కడికి దగ్గర్లోనే ఉన్న ఒక ఆఫీసుకెళ్ళి చెప్పాను. అక్కడ కూర్చున్నాయన "కొంగలకు కూడా కేసులుంటాయా సార్? అవి తినేవే గదా," అన్నాడు. వెక్కిరింపు కాదు, నిజంగానే అడిగాడు. నాకు అప్పటికి జవాబు తెలీదు. ఇప్పుడు తెలుసు కాబట్టి చెప్తున్నాను. వన్యప్రాణి సంరక్షణ చట్టం 50వ సెక్షన్ కింద ఫారెస్ట్ వాళ్ళకే కాదు, ఎస్సై ర్యాంకు, ఆపైన ఉన్న పోలీసు అధికారికి కూడా ఇలాంటివి తనిఖీ చేసి స్వాధీనం చేసుకునే అధికారం ఉంది. అడిగేటప్పుడు ఈ ముక్క తెలిసి ఉంటే మాట బలంగా వస్తుంది.

రేంజ్ ఆఫీసర్ రెండో రింగుకే ఎత్తారు. ఎక్కడ, ఎన్ని, ఎంతమంది అని అడిగి, "గంటలో మా వాళ్ళు వస్తారు, మీరు అక్కడే ఉండగలరా?" అన్నారు. ఉంటానన్నాను. వాళ్ళు రావడానికి గంటా నలభై నిమిషాలు పట్టింది. ఆదివారం, స్టాఫ్ తక్కువ, జీపు ఇంకోవైపు వెళ్ళింది. నేను తప్పుపట్టడం లేదు గానీ, ఆ గంటా నలభై నిమిషాలు మాత్రం చాలా టెన్షన్ పడ్డాను. ఎదురుగా ఉన్న టీకొట్టు బల్ల మీద కూర్చుని రెండు టీలు తాగాను. కళ్ళముందే కొంగలు అమ్ముడుపోతున్నాయి. ఒక తెల్లకారు ఆగింది. భార్యాభర్తలు, వెనక సీట్లో చిన్న పిల్లాడు. ఆయన నాలుగు బేరం చేశాడు. అక్కడికక్కడే మెడలు విరిచి కవర్లో వేసిచ్చారు. పిల్లాడు కారు దిగి దీమం కొంగ దగ్గరికెళ్ళి వంగి చూస్తుంటే వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది. నేను కారు నంబర్ ఫొటో తీశాను.

జీపు వచ్చింది. సెక్షన్ ఆఫీసర్, ఇద్దరు బీట్ ఆఫీసర్లు, వాళ్ళలో ఒకమ్మాయి. జీపు చూడగానే ఇద్దరిలో ఒకడు చేతికందిన సంచి పట్టుకుని దమ్ము మడిలోకి దూకి మోకాలిలోతు బురదలో పరుగెత్తాడు. రెండోవాడు పారిపోలేదు. నిలబడిపోయాడు. నలభై ఏళ్ళుంటాయి.

బీట్ ఆఫీసర్ అమ్మాయి ముందు తాళ్ళు కోసి పక్షుల్ని నీడలో నేలమీద పెట్టించింది. తర్వాత ఒక్కోదాన్ని ఎత్తి చూపిస్తూ గట్టిగా లెక్క చెప్పింది. గుడ్డికొంగలు 15, తెల్లకొంగలు 5, నీటికోళ్ళు 2, దీమం 1. మొత్తం 23. వీటిలో 3 అప్పటికే చచ్చిపోయాయి. రెండు వలలు, ఒక పురికొస ఉండ, సూది, దారపు రీలు. ఆ దారపు రీలు మా ఇంట్లో బట్టలు కుట్టేదే. అదే రకం.

ఇక్కడినుంచి నాకు తెలియని లోకం మొదలైంది. పట్టుకున్నారు కదా, అయిపోయిందనుకున్నాను. అసలు పని అప్పుడే మొదలైంది. స్వాధీనం చేసుకున్నప్పుడు మధ్యవర్తుల నివేదిక రాయాలి. మధ్యవర్తులంటే బయటివాళ్ళు ఇద్దరు కావాలి. వాళ్ళ ఎదుటే లెక్క జరిగిందని సంతకం పెట్టాలి. ఫోన్ చేసింది నేను కాబట్టి నాది విడిగా సాక్షి వాంగ్మూలం. ఊరి వీఆర్వోను పిలిపించారు, ఒకరయ్యారు. రెండో మనిషి కావాలి. అప్పటిదాకా గుంపుగా నిలబడి ఫొటోలు తీసుకున్నవాళ్ళు సెక్షన్ ఆఫీసర్ "ఒకరు సంతకం పెట్టండయ్యా" అనగానే ఎటువాళ్ళు అటు జారుకున్నారు. పంక్చర్ వేయించుకుంటున్న కుర్రాడు సగం గాలితోనే బండి తీశాడు. ఒకాయన "కోర్టుల చుట్టూ ఎవడు తిరుగుతాడు సార్" అని మొహం మీదే చెప్పాడు. ఆయన్ని నేనేమీ అనలేను. ఆ భయం నిజమైనదే.

టీకొట్టు ముసలమ్మ గ్లాసులు కడుగుతూ ఇదంతా చూస్తోంది. డెబ్బై దగ్గరుంటాయి. కొంగుకు చేతులు తుడుచుకుంటూ రోడ్డు దాటి వచ్చింది. "నాకు చదువు రాదు. వేలిముద్ర సరిపోద్దా నాయనా?" అంది. లోపల్నుంచి ఆమె కొడుకు "నీకెందుకమ్మా, ఇటు రా" అని అరిచాడు. ఆమె వెనక్కి తిరగలేదు. సెక్షన్ ఆఫీసర్‌తో అంది: "మా నాయన కూడా పిట్టలు కొట్టేవాడయ్యా. అప్పుడు పిట్టలుండేయి."

నివేదిక జీపు బానెట్ మీద పెట్టి చేత్తో రాశారు. మూడు పేజీలు. స్థలం, దాని హద్దులు, మైలురాయికి ఎంత దూరం, టైము, ఏ జాతివి ఎన్ని, బతికున్నవెన్ని, వలల పొడవు వెడల్పు, మోపెడ్ నంబర్. రాసింది పైకి చదివి వినిపించారు. ముసలమ్మ ఒకచోట ఆపింది. "కళ్ళు కుట్టింది రాశారా?" అని అడిగింది. రాయలేదు. 'ఎర పక్షి 1' అని మాత్రమే ఉంది. అప్పుడు చేర్చారు. నేను కారు సంగతి రాయమన్నాను. సెక్షన్ ఆఫీసర్ కాస్త తటపటాయించారు. అమ్మేవాడు దొరికాడు, కొన్నవాడు వెళ్ళిపోయాడు, ఎందుకులే అన్నట్టు. ఫొటో చూపించాను. నా వాంగ్మూలంలో టైముతో సహా రాయించాను.

పట్టుబడినాయన ఆ మూడు పేజీలు రాస్తున్నంతసేపూ నేలమీద గొంతుక్కూర్చుని ఉన్నాడు. కేసు పెట్టుకోండిగానీ మోపెడ్ ఇచ్చేయమని బతిమాలాడు. నేరానికి వాడిన బండి కూడా స్వాధీనం చేసుకోవాల్సిందే, చట్టం అలాగే ఉంది. నన్ను చూసి, "నెలలో పది రోజులు కూలి దొరుకుద్ది సార్. మిగతా ఇరవై రోజులు మీరు పెడతారా?" అన్నాడు. ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. నేను చేసింది తప్పనిపించలేదు. కానీ ఆయన ఒక్కడిమీద పడేస్తే సరిపోతుందని కూడా అనిపించలేదు. కూలి దొరకని మనిషి పట్టుకొస్తే కార్లో వచ్చి కొనుక్కుపోయినవాడికి ఆకలి లేదు. చికెన్ కొట్టు అక్కడికి అర కిలోమీటరు. సరదా కోసం కొన్నాడు. అందుకే ఆ కారు నంబర్ విషయంలో అంత పట్టుబట్టాను.

సాయంత్రం గుంటూరులో రేంజ్ ఆఫీసుకెళ్ళాను. పశువుల డాక్టర్‌గారు అప్పటికే వచ్చి ఉన్నారు. దీమం కొంగను తువ్వాలులో చుట్టి బీట్ ఆఫీసర్ అమ్మాయి ఒళ్ళో పట్టుకుంది. డాక్టర్‌గారు కళ్ళచుట్టూ గోరువెచ్చని ఉప్పునీళ్ళతో తడిపి, ఎండిన చీము మెత్తబడేదాకా ఆగారు. తర్వాత చిన్న కత్తెరతో ముడి పక్కన కత్తిరించి, దారాన్ని లాగకుండా మెల్లగా జరుపుతూ తీశారు. ఎడమ కన్ను ముందు తెరుచుకుంది. పసుపుపచ్చని కన్ను. ట్యూబ్‌లైట్ వెలుగుకు ఒకసారి ముడుచుకుంది, మళ్ళీ తెరిచింది. గదిలో ఎవరం మాట్లాడలేదు. కుడి కంటికి కుట్టు లోతుగా పడింది, చూపు ఉంటుందో లేదో అప్పుడే చెప్పలేమన్నారు.

ఆఫీసర్‌గారు నేరం రిపోర్టు రాయిస్తూ చట్టం పుస్తకం నా ముందు పెట్టారు. అప్పటిదాకా వేట అంటే తుపాకీ, అడవి, పులి అనుకునేవాణ్ణి. చట్టంలో వేటంటే చంపడం ఒక్కటే కాదు. వల వేయడం, ఉచ్చు పెట్టడం, విషం పెట్టడం, తరమడం కూడా వేటే. అలా చేయబోయినా వేటే. పక్షుల విషయంలో గుడ్లు తీయడం, పగలగొట్టడం, గూడు చెదరగొట్టడం కూడా వేట కిందికే వస్తాయి. 9వ సెక్షన్ ఇదంతా నిషేధించింది. పట్టిన పక్షి 39వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ ఆస్తి. అనుమతి లేకుండా దగ్గర ఉంచుకున్నా, అమ్మినా, ఊరికే ఎవరికైనా ఇచ్చినా నేరమే. 1972 నాటి ఈ చట్టాన్ని 2022లో సవరించారు, అది 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు ఆరు షెడ్యూళ్ళు, అంటే ఏ జీవి ఏ కోవలోకి వస్తుందో చెప్పే జాబితాలు, ఉండేవి, ఇప్పుడు నాలుగు. మన పొలాల్లో తిరిగే కొంగలు రెండో షెడ్యూల్లో ఉన్నాయి. శిక్ష మూడేళ్ళదాకా జైలు, లేదా లక్ష రూపాయలదాకా జరిమానా, లేదా రెండూ. సవరణకు ముందు జరిమానా పరిమితి 25 వేలే. మొదటి షెడ్యూల్లో ఉన్నవాటికైతే మూడేళ్ళకు తగ్గకుండా ఏడేళ్ళదాకా జైలు.

మన రాష్ట్ర పక్షి రామచిలుక. 2018లో ప్రకటించారు. అదీ రక్షిత పక్షే. మా వీధిలోనే రెండు ఇళ్ళల్లో పంజరాల్లో ఉన్నాయి. ఆ రాత్రి ఇంటికెళ్తూ ఆ పంజరాల్ని కొత్తగా చూశాను. తర్వాత ఒకరింటికెళ్ళి మాట్లాడాను, వాళ్ళు ఫారెస్ట్ ఆఫీసులో అప్పగించారు. ఇంకొకరు నాతో మాట్లాడటం మానేశారు.

ఇంటికొచ్చి చెప్తే మా పెదనాన్న ఇంకో కథ చెప్పారు. ఆయనకు ఎనభై దాటాయి. కుర్రతనంలో కొల్లేరుకు బాతుల వేటకు వెళ్ళినవారే. "మేం లైసెన్సు తీసుకునే కొట్టేవాళ్ళంరా," అన్నారు. నిజమే. 1972 చట్టం వచ్చిన కొత్తలో వేట పూర్తిగా ఆగిపోలేదు. పెద్ద వేటకు ఒక లైసెన్సు, చిన్న వేటకు ఒకటి, ప్రాణంతో పట్టడానికి ఇంకొకటి ఉండేవి. ఏ జంతువును, ఏ పక్షిని ఏ కాలంలో కొట్టకూడదో నిబంధనలుండేవి. 1991లో సవరణ తెచ్చి ఆ లైసెన్సులన్నీ ఎత్తేశారు. దాంతో సరదా వేట అనేది చట్టంలోంచే పోయింది. అంతకన్నా వెనక్కెళ్తే, తెల్లవాళ్ళు 1887లోనే అడవి పక్షుల రక్షణకు ఒక చట్టం చేశారు, గూళ్ళు పెట్టే కాలంలో అమ్మకూడదని. 1912లో ఇంకొకటి. 1902లో పక్షి ఈకల ఎగుమతి నిషేధించారు. ఆ ఈకల్లో ముఖ్యమైనవి మన తెల్లకొంగలవే. గూడు కట్టే కాలంలో వీపు మీద వచ్చే మెత్తని ఈకల్ని యూరప్ ఆడవాళ్ళ టోపీల కోసం పంపేవాళ్ళు. ఈకలు కావాలంటే గూటిమీద ఉన్నప్పుడే చంపాలి, దాంతో పిల్లలు కూడా పోయేవి.

పెదనాన్న అడిగారు: "ఇప్పుడు కొల్లేరులో అన్ని బాతులున్నాయా?" కొల్లేరు 1999లో అభయారణ్యమైందని, 2002లో ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలోకెక్కిందని చెప్పాను. ఆయన అడిగింది అది కాదు. బాతులున్నాయా అని. నేను జవాబివ్వలేదు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. దాచుకుంటే ఈ రాతకు అర్థం ఉండదు. ఐదారేళ్ళ క్రితం ఒక మనిషి షాపుకొచ్చి వరికి వేసే గుళికలు కావాలన్నాడు. ఎన్ని ఎకరాలంటే నీళ్ళు నమిలాడు. వడ్లలో కలిపి గట్టుమీద చల్లితే పిట్టలు పడతాయని మా కుర్రాడితో అన్నాడట. అది తర్వాత తెలిసింది. నేను అమ్మేశాను. బిల్లు కొట్టాను. ఆ పిట్టల్ని తిన్నవాళ్ళకేమైందో కూడా నాకు తెలీదు. అప్పుడు అది వేట అవుతుందని, నేరమని నాకు తెలీదన్నది నిజమే, కానీ తప్పని మాత్రం తెలుసు. ఇప్పుడు గుళికలు అడిగితే పంట, ఎకరాలు, తెగులు అడక్కుండా ఇవ్వను. కౌంటర్ మీద పక్షులకు విషం పెట్టడం వేటతో సమానమని పెద్దక్షరాలతో రాసి అంటించాను.

మర్నాడు నిందితుణ్ణి మెజిస్ట్రేట్ ముందు హాజరుపరిచారు. బెయిల్ వచ్చింది. పక్షుల్ని వదలడానికి కోర్టు అనుమతి తీసుకున్నారు. రాత్రికి రాత్రి ఇంకో రెండు చచ్చిపోయాయి. తలకిందులుగా గంటలకొద్దీ వేలాడిన దెబ్బ అని డాక్టర్‌గారన్నారు. ఒకదానికి కాలు విరిగింది. దీమం కొంగ రెక్క ఈకలు కత్తిరించి ఉన్నాయి, కొత్తవి వచ్చేదాకా ఎగరలేదు. మిగిలినవి 16. వాటిని సాయంత్రం ఉప్పలపాడు చెరువు దగ్గర వదిలారు.

ఉప్పలపాడు తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. గుంటూరు పక్కనే పెదకాకాని మండలంలో ఉంది. ఊరి మధ్య చెరువు, అందులో చెట్లు, ఆ చెట్లనిండా గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు. పక్షుల రెట్ట వాసన ఊరంతా ఉంటుంది. అయినా ఊరివాళ్ళు వాటిని తరమరు, రాయి వేయనివ్వరు. చట్టం పుస్తకంలో ఉన్నదాన్ని ఆ ఊరు పుస్తకం చదవకుండానే చేస్తోంది.

అట్టపెట్టెలు గట్టుమీద పెట్టి మూతలు తెరిచారు. తెల్లకొంగలు వెంటనే లేచాయి. గుడ్డికొంగలు మాత్రం పెట్టెలోనే నక్కి కూర్చున్నాయి. కూర్చున్నప్పుడు బురదలో బురదలా ఉండే పిట్ట. పెట్టె వంచితే ఒక్కసారిగా రెక్క విప్పింది. మొత్తం తెలుపు. పదకొండు గుడ్డికొంగలు ఒకదాని తర్వాత ఒకటి అలా తెల్లబడి ఎగిరాయి. నేను ఫోన్‌లో వీడియో తీశాను.

కారాయన పది రోజుల తర్వాత షాపుకొచ్చాడు, మాకిద్దరికీ తెలిసిన ఒకరిని వెంటబెట్టుకుని. నోటీసు వచ్చిందట. "చిన్న విషయం, ఫొటో డిలీట్ చేయండి, మాట మారిస్తే సరిపోద్ది" అన్నారు. వెంట వచ్చినాయన నాకు సంవత్సరానికి లక్షల్లో వ్యాపారం ఇచ్చే మనిషి. అబద్ధం ఎందుకు, కడుపులో తిప్పింది. ఫొటో అప్పటికే ఫైల్లో ఉందని, నా సంతకం ఉందని చెప్పి పంపేశాను. ఆ వ్యాపారం పోయింది. కారాయన తర్వాత 54వ సెక్షన్ కింద కాంపౌండింగ్ ఫీజు, అంటే కేసు రాజీకి కట్టే డబ్బు, కట్టి బయటపడ్డాడని విన్నాను. చట్టం అందుకు ఒప్పుకుంటుంది. ఎంత కట్టాడో గానీ, అది ఆయనకు పెద్ద లెక్క కాదు. మోపెడ్ మనిషి మాత్రం ఇంకా కోర్టుకొస్తున్నాడు. ఈ తేడా నాకు మింగుడుపడదు. కొనేవాడి మీద కూడా అంతే గట్టిగా కేసు నడిస్తే పట్టేవాడికి బేరమే ఉండదని నా నమ్మకం.

సమన్లు ఏడు నెలలకొచ్చాయి. ఒక విషయం ఎవరూ ముందు చెప్పరు, నేను చెప్తాను. ఇది పోలీసు ఛార్జిషీటు కేసులాంటిది కాదు. ఫారెస్ట్ ఆఫీసరే 55వ సెక్షన్ కింద కోర్టులో ఫిర్యాదు వేస్తారు. అందువల్ల సాక్షుల్ని అభియోగం మోపకముందు ఒకసారి పిలుస్తారు, మోపాక క్రాస్ కోసం, అంటే అవతలి వకీలు ప్రశ్నలడగడానికి, మళ్ళీ పిలుస్తారు. ఒక్కసారి వెళ్ళొస్తే అయిపోతుందనుకుంటే నిరాశ పడతారు. నేను ఇప్పటికి నాలుగుసార్లు వెళ్ళాను. అందులో రెండుసార్లు వాయిదా పడి ఊరికే తిరిగొచ్చాను.

సాక్ష్యం చెప్పినప్పుడు అవతలి వకీలు మర్యాదగానే అడిగారు. "మీరు పక్షి శాస్త్రం చదివారా?" లేదు. "మరి గుడ్డికొంగ అని ఎలా చెప్పగలరు? పెంపుడు బాతు కావచ్చు గదా?" నేను చెప్పాను: "కూర్చుంటే బురద రంగు, ఎగిరితే తెల్ల రెక్కలు. మా పొలం గట్టుమీద చిన్నప్పటినుంచి చూస్తున్నానండి." మెజిస్ట్రేట్‌గారు రాయించుకున్నారు. డాక్టర్‌గారి సర్టిఫికెట్, రంగు ఫొటోలు ఫైల్లో ఉన్నాయి కాబట్టి నా మాటకు బలం వచ్చింది. ఫొటో తీసేటప్పుడు పక్షి తల, ముక్కు, కాళ్ళు కనపడేట్టు తీయాలని నా స్నేహితుడు ఎందుకన్నాడో అక్కడ అర్థమైంది.

కిందటి వాయిదాకు టీకొట్టు ముసలమ్మకు కూడా పిలుపొచ్చింది. కోర్టు వరండాలో బల్ల మీద, ఒళ్ళో టిఫిన్ క్యారియర్ పెట్టుకుని కూర్చుంది. కొడుకు రాలేదు, ఒక్కతే బస్సులో వచ్చింది. వీడియో చూపించాను. ఫోన్ కళ్ళకు దగ్గరగా పట్టుకుని, వేలితో ఒక్కోటీ లెక్కపెట్టింది.

"ఆ కళ్ళు కుట్టింది ఇందులో లేదే?" అంది.

కార్తీకంలో రెక్కలొచ్చాక వదిలారని చెప్పాను. కుడి కంటికి చూపు రాలేదని, ఎడమ కన్ను బాగానే ఉందని, ఎగిరిందని చెప్పాను.

"ఒక కన్నుతో చేపను పట్టుకుంటదంటావా?"

డాక్టర్‌గారు బతుకుతుందన్నారని చెప్పాను. ఆమె ఫోన్ నా చేతికిచ్చింది. లోపల్నుంచి బంట్రోతు వచ్చి మా కేసు వాయిదా పడిందన్నాడు. ఆమె క్యారియర్ సర్దుకుంటూ, "మళ్ళీ ఎప్పుడంట మనకి?" అంది.

"వచ్చే నెల పద్నాలుగు. బస్సు ఎక్కబాకమ్మా, నేనే వచ్చి తీసుకొస్తాలే."

"పొద్దున్నే రా. కొట్టు తెరిచి పాలు కాచి వస్తా."